పేమెంట్‌కి టేబుల్ ఒకటా, మూడా?

ప్రశ్న: మా మావయ్య ఎరువుల షాపుకి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ రాస్తున్నానండి. జావాలో పేమెంట్ అనే క్లాస్, దాని కింద క్యాష్, చెక్కు, యూపీఐ అని మూడు క్లాసులు పెట్టా, అంతవరకు బానే ఉంది, డేటాబేస్ దగ్గరే ఆగిపోయా. మూడింటికీ మూడు టేబుల్స్ పెట్టేయమని ఫ్రెండ్ అంటున్నాడు.
– బీటెక్ విద్యార్థి, ఖమ్మం

జవాబు: ఆ ఒక్కటీ చేయకండి. రాత్రి షట్టర్ దించే ముందు "ఇవాళ ఎంతొచ్చిందిరా" అని మావయ్య అడిగితే, ఆ ఒక్క లెక్కకి మూడు టేబుల్స్‌నీ యూనియన్ ఆల్‌తో (వరుసలన్నీ ఒకదాని కింద ఒకటి పేర్చే ఎస్‌క్యూఎల్ మాట) కలపాలి. అది పర్లేదనుకున్నా రసీదు దగ్గర ఇరుక్కుంటారు, రసీదు ఏ పేమెంట్‌దో చూపించాలి కదా, అలా ఇంకో టేబుల్‌లోని రికార్డుని చూపే ఫారిన్ కీ అనేది ఒక్క టేబుల్‌నే చూస్తుంది, మూడింట్లో ఏదో ఒకటి అంటే ఒప్పుకోదు. అప్పుడు రకం ఒక కాలమ్, ఐడీ ఒక కాలమ్ పెట్టి సర్దేస్తారు, నేనూ ఒకప్పుడు అలాగే సర్దా, ఎవరో చెక్కు రికార్డు డిలీట్ చేసేశారు, రసీదేమో లేని చెక్కుని చూపిస్తూ ఉండిపోయింది, డేటాబేస్ కిక్కురుమనలేదు.

మీ షాపుకి ఒక్క టేబుల్ చాలు. ఐడీ, బిల్లు నంబర్, తేదీ, మొత్తం, రకం, చెక్కు నంబర్, యూపీఐ రిఫరెన్స్. క్యాష్ అయితే చివరి రెండూ నల్, అంటే ఖాళీ, ఉండనివ్వండి. జావా క్లాసుల్ని టేబుల్స్‌తో ముడిపెట్టే హైబర్నేట్ కూడా మనమేం చెప్పకపోతే ఇలాగే చేస్తుంది, రకం కాలమ్ చూసి ఏ క్లాస్ ఆబ్జెక్ట్ కట్టాలో తేల్చుకుంటుంది, ఏ రకం పేమెంట్‌కి ఆ రకం కోడ్ నడపడం, అదే పాలిమార్ఫిజం, దాని సంగతి జావా చూసుకుంటుంది. కాకపోతే చెక్కు నంబర్‌కి ఖాళీగా ఉండకూడదనే నాట్ నల్ షరతు పెట్టలేం కదా, అందుకే రకం చెక్కు అయితే నంబర్ ఉండి తీరాలి, కాకపోతే ఉండకూడదు అని చెక్ కన్‌స్ట్రెయింట్ రాయండి, చెక్కుకి చెక్ అన్నమాట. మీ డేటాబేస్ మైఎస్‌క్యూఎల్ అయి, 8.0.16 వెర్షన్ కంటే పాతదైతే మాత్రం అది రాయనిస్తుంది గానీ పట్టించుకోదు. చెక్కు నంబర్‌ని ఇంటీజర్‌గా (పూర్ణాంకంగా) కూడా పెట్టకండి, 004512 కాస్తా 4512 అయి కూర్చుంటుంది.

రేపు బ్యాంకు పేరు, బౌన్స్ తేదీ, చార్జీలు అంటూ చెక్కు కాలమ్స్ పెరిగితే వాటికి వేరే టేబుల్ తీయండి, దాని ప్రైమరీ కీయే (ప్రతి రికార్డునీ విడిగా గుర్తుపట్టే కాలమ్) పేమెంట్ ఐడీకి ఫారిన్ కీ. తేదీ, మొత్తం పేమెంట్‌లోంచి కదపొద్దు.

అన్నట్టు అప్పు సంగతి మీరు అడగలేదు. ఎరువుల షాపంటే "పంట చేతికొచ్చాక ఇస్తా" అనేవాళ్ళు ఉంటారుగా, దాన్ని నాలుగో రకం పేమెంట్‌గా దూర్చకండి, డబ్బు రానేలేదు కదా, బిల్లులోంచి వచ్చిన పేమెంట్లు తీసేస్తే మిగిలిందే అప్పు. గల్లాపెట్టెలో లేని డబ్బు రాత్రి లెక్కలో కనిపిస్తే మావయ్యకి ముందు దొరికేది మీరే.