పాపిడి వెడల్పవుతుంటే విగ్గా, ట్రాన్స్‌ప్లాంటా?

నలభై దాటాక పాపిడి దగ్గర మాడు కనబడుతోంది, విగ్గు కొనాలా, ట్రాన్స్‌ప్లాంట్‌కి వెళ్లాలా అని అడిగారు. రెండూ ఇప్పుడే వద్దండీ. ముందు థైరాయిడ్, ఫెర్రిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ ఎంతుందో చెప్పేది) పరీక్షలు చేయించుకుని చర్మ డాక్టర్‌ని కలవండి, ఎందుకంటే కాన్పయ్యాకో, గట్టి జ్వరం వచ్చిన రెండు మూడు నెలలకో కుచ్చులుగా రాలే జుట్టు చాలావరకు దానంతటదే తిరిగొస్తుంది, పాపిడి మెల్లగా వెడల్పవడం మాత్రం వేరే సంగతి. దానికి డాక్టర్లు మామూలుగా ఇచ్చేది మినాక్సిడిల్, మాడుకి పట్టించే మందు. మొదట్లో జుట్టు ఇంకా రాలొచ్చు, హడలిపోయి ఆపేయకండి, ఫలితం తెలియడానికి 4 నుంచి 6 నెలలు పడుతుంది, ఆపితే మళ్లీ మొదటికే. గర్భిణులు వాడకూడదు.

ట్రాన్స్‌ప్లాంట్ ఆడవాళ్లందరికీ కుదరదు. తల వెనక జుట్టు తీసి పలచబడ్డ చోట నాటడమే కదా అది, వెనక కూడా పలచబడితే తీసి నాటడానికి ఏముంటుంది?

నేనైతే టాపర్ వాడుతున్నా. అరచేయంత వల మీద అసలు జుట్టు కుట్టి ఉంటుంది, పాపిడి మీద పెట్టి చిన్న క్లిప్పులతో బిగిస్తే సరి. అమ్మమ్మ జడకి సవరం పెట్టుకునేది, ఇది నడినెత్తికి, అంతే తేడా. (తిరుమల తలనీలాలు వేలంలో కొన్నాక ఇలాంటి వాటికీ వెళ్తాయి.) క్లిప్పులు రోజూ ఒకేచోట పెడితే అక్కడి వెంట్రుకలు ఊడతాయి, కాస్త జరుపుతూ ఉండండి, పడుకునేముందు తీసేయండి.