ఇద్దరు పిల్లలు, ఒక కుక్క, డిసెంబర్ పొగమంచు: ఏ కారు కొనాలి?

మీ ప్రశ్న ఇది: "మిర్యాలగూడలో ఉంటాం. ఐదేళ్ల బాబు, ఏడాదిన్నర పాప, ఒక కుక్క. చలికాలంలో తెల్లవారుజామునే ఊళ్లకు బయల్దేరాల్సి వస్తుంది. ఏ కారు మంచిది? పెట్రోలా, డీజిలా?"

ఎవరిని అడిగినా ముందు మైలేజీ చెప్తారు, ఆ తర్వాత రీసేల్ విలువ చెప్తారు. నేను ఆ రెండూ చెప్పను. వెనక సీటు గురించి చెప్తాను. ఎందుకంటే మా ఇంట్లో సరిగ్గా మీలాంటి లెక్కే ఉండేది, ఆ వెనక సీటు గురించి మేం ఒక్కరోజు కూడా ఆలోచించలేదు.

మాది నల్లగొండ. నేను హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెప్తాను. 2023 డిసెంబర్‌లో, మిగ్‌జాం తుపాను బాపట్ల దగ్గర తీరం దాటి వెళ్లిపోయిన తర్వాతి వారం, మా తమ్ముడి బిడ్డకు పుట్టువెంట్రుకలు తీస్తున్నారని మా అమ్మగారి ఊరికి బయల్దేరాం. పొద్దున ఐదు గంటలకు. అప్పటికి మాది పాత చిన్న కారు. మా ఆయన నడుపుతున్నారు. పక్క సీట్లో అత్తమ్మ, ఆమె ఒళ్లో పాప. పాపకు అప్పుడు ఏడాదిన్నర, పదకొండు కిలోలు. వెనక నేను, ఆరేళ్ల బాబు, మా మధ్యన జిమ్మీ. జిమ్మీ నాటు కుక్క, పద్దెనిమిది కిలోలుంటుంది. దానికి బెల్టు లేదు, కొక్కెం లేదు, ఏమీ లేదు.

తిప్పర్తి దాకా బాగానే ఉంది. అక్కడి నుంచి మంచు మొదలైంది. ఆయకట్టు కింద పొలాలన్నీ తడి మీదున్నాయి, గాలి లేదు, ఆకాశం తేటగా ఉంది. అలాంటి రాత్రి తెల్లారేసరికి పొగమంచు నేలను పట్టుకుని కూర్చుంటుంది. చలికి అద్దాలన్నీ ఎక్కించుకున్నాం. ఐదుగురం ఊపిరి వదులుతున్నాం, ఆరోది కుక్క, అది నాలుక బయటపెట్టి ఆయాసపడుతూనే ఉంటుంది. ముందు అద్దం లోపలి వైపు తెల్లగా కమ్మేసింది. మా ఆయన ఒక చేత్తో స్టీరింగ్ పట్టుకుని, ఇంకో చేత్తో తువ్వాలతో అద్దం తుడుస్తున్నారు. తుడిచిన చోట గీతలు పడి ఇంకా అధ్వాన్నమైంది.

మాడుగులపల్లి టోల్‌గేట్ దాటి ఊరి రోడ్డుకు మళ్లాం. స్పీడు నలభై కూడా లేదు. అత్తమ్మ "మెల్లగ పోనీ బిడ్డా, పయిలం" అంటూనే ఉంది. రోడ్డు మీద తెల్లగా ఒక రాయి కనపడింది. దాని పక్కన ఇంకోటి. వరసగా పెట్టిన రాళ్లు. రోడ్డు సగం దాకా వడ్లు పోసి, నల్ల పట్టా కప్పి, పట్టా ఎగిరిపోకుండా చుట్టూ రాళ్లు పెట్టారు. నల్లటి తారు మీద నల్లటి పట్టా, పైన మంచు. మా ఆయన బ్రేకు మీద నిలబడ్డారు. ఎడమ చక్రం రాయి ఎక్కి కుప్పలోకి దిగింది.

జిమ్మీ మా మధ్యలోంచి లేచి వెళ్లి గేరు రాడ్డు మీద పడింది. అది అరిచిన అరుపు నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది. అత్తమ్మ వైపు చూస్తే ఆమె రెండు చేతులూ పాపను పట్టుకున్నట్టే చుట్టుకుని ఉన్నాయి. ఆ చేతుల మధ్య పాప లేదు. కింద కాళ్ల దగ్గర ఉంది, నుదురు డాష్‌బోర్డుకు కొట్టుకుని. అత్తమ్మ కొంగు కొస మాత్రం దాని పిడికిట్లో ఉంది.

నుదురు బొప్పి కట్టింది, పై పెదవి చిట్లింది, అంతకుమించి ఏమీ కాలేదు. వడ్ల కుప్ప మెత్తగా ఉండబట్టి బతికాం. కుప్పకు అవతలి వైపు నులక మంచం మీద గొంగడి కప్పుకుని పడుకున్న పెద్దమనిషి టార్చి వేసుకుని పరుగున వచ్చాడు. పందులొస్తున్నాయని రాత్రంతా కావలి ఉంటున్నాడట. మా చక్రానికీ ఆ మంచానికీ మధ్య నాలుగడుగులు కూడా లేవు. సీసాలో నీళ్లు తెచ్చి పాప మొహం తనే కడిగాడు. "బిడ్డకేం కాలే గద అమ్మా? తేమ పదిహేడుకు దిగితేనే కొంటమంటరు. వాన వడె, ఎండ లేకపాయె. యాడ ఆరబొయ్యాలె మేము?" అన్నాడు. ఆయన చేతులు వణుకుతున్నాయి. నావి కూడా.

ఇక్కడొక మాట చెప్పకుండా ముందుకు పోలేను. రోడ్ల మీద వడ్లు ఆరబోస్తారని కార్లలో తిరిగేవాళ్లం రైతుల్ని తిడతాం. ఊరికొక సిమెంటు కల్లం సరిగ్గా ఉంటే ఏ రైతు అయినా ఆరు నెలల కష్టాన్ని టైర్ల కింద పోస్తాడా? తిట్టాల్సింది ఆయన్ని కాదు. వెనక ఒక్క రిఫ్లెక్టర్ స్టిక్కర్ కూడా లేకుండా ట్రాలీలు తిప్పేవాళ్లను, మిల్లు ముందు లారీని లైట్లార్పి రోడ్డు మీదే నిలిపేవాళ్లను అడగాలి. వంద రూపాయల ఎర్ర స్టిక్కర్ ఎంత పని చేస్తుందో పొగమంచులో వెళ్లినవాళ్లకు తెలుస్తుంది.

సరే, కారు విషయం. ఇంటికొచ్చాక అత్తమ్మ పది రోజులు అన్నం సరిగా తినలేదు. "నేను గట్టిగనే పట్టుకున్న బిడ్డా, ఎట్ల జారె?" అని అదే మాట. ఆమె తప్పు కాదని చెప్పడానికి నేను లెక్క వేసి చూపించాను. గంటకు నలభై కిలోమీటర్లతో పోతున్న బండి అర మీటరు దూరంలో ఆగిపోతే, లోపలున్న ప్రతి వస్తువూ తన బరువుకు పన్నెండు రెట్లకు పైగా ముందుకు లాగుతుంది. పదకొండు కిలోల పాప ఆ క్షణంలో నూట ముప్పై ఐదు కిలోలకు పైనే. నలభై కిలోల వడ్ల బస్తాలు మూడింటి కంటే ఎక్కువ. "మూడు బస్తాలు ఒక్కసారే మీ చేతుల్లోంచి గుంజితే ఆగుతయా అత్తమ్మా?" అన్నాను. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. ఆ తర్వాత ఆమే అడిగింది, కారులో పిల్లల్ని బిగించి కూర్చోబెట్టే ఆ కుర్చీ, అదే చైల్డ్ సీటు, ఎంతుంటది అని. అదే వేగంతో గోడను కొట్టుకోవడమంటే రెండంతస్తుల మేడ మీంచి కింద పడినంత. "దగ్గరే కదా, నలభైలోనే కదా" అనేవాళ్లు ఆ మేడ ఎక్కి ఒకసారి కిందికి చూడాలి.

చట్టం కూడా ఉంది. 2019 సవరణతో మోటారు వాహనాల చట్టంలో వచ్చిన 194బి సెక్షన్ ప్రకారం, పద్నాలుగేళ్ల లోపు పిల్లల్ని బెల్టు గానీ చైల్డ్ సీటు గానీ లేకుండా కూర్చోబెడితే వెయ్యి రూపాయల జరిమానా. ఈ తప్పుకు ఎవరినైనా ఆపగా నేనైతే ఒక్కసారి కూడా చూడలేదు. హెల్మెట్‌కు ఫొటో కొడతారు. పిల్ల ముందు సీట్లో నిలబడి డాష్‌బోర్డు పట్టుకుని ఉంటే నవ్వి చెయ్యి ఊపుతారు.

అందుకే 2024 ఉగాదికి కారు మార్చేటప్పుడు మేం చేసిన పని చెప్తాను, మీరూ అదే చెయ్యండి. ముందు చైల్డ్ సీటు కొన్నాం, ఆ తర్వాత దాన్ని మోసుకుని షోరూములకు తిరిగాం. ఒక షోరూములో అబ్బాయి రాగానే సన్‌రూఫ్ తెరిచి చూపించాడు. "ఐసోఫిక్స్ కొక్కేలు ఎక్కడ?" అంటే "అదేంటి మేడమ్?" అన్నాడు. వెనక సీటు కుషనుకూ వీపుకూ మధ్య సందులో రెండు ఇనుప కొక్కేలుంటాయి, చైల్డ్ సీటు కటుక్కున వాటికి బిగుసుకుంటుంది. సీటు వెనక పై పట్టీకి ఇంకో కొక్కెం. సందులో చెయ్యి పెట్టి నేనే వెతికి అతనికి చూపించాను. పాపకోసం తీసుకున్న సీటు వెనక్కి తిరిగి ఉండే రకం. అది బిగించాక డ్రైవర్ సీటు ఎంత ముందుకు జరపాల్సి వస్తుందో చూడాలి. ఒక కారులో మా ఆయన మోకాళ్లు స్టీరింగ్‌కు తగిలాయి, అక్కడికక్కడే వద్దనుకున్నాం. ఇంకో మాట, వెనక్కి తిరిగిన సీటును ఎయిర్‌బ్యాగ్ పనిచేస్తున్న ముందు సీట్లో ఎట్టి పరిస్థితిలోనూ పెట్టకండి. బ్యాగు తెరుచుకుంటే నేరుగా పిల్ల తల వెనకే కొడుతుంది. మీ ఐదేళ్ల బాబుకు బూస్టర్ సీటు, అంటే బెల్టు సరిగ్గా పడేలా ఎత్తు పెంచే సీటు, చాలు. బెల్టు మెడ మీద కాకుండా భుజం మీద పడాలి, అది తప్పకుండా చూసుకోండి.

ఇక, కారును గుద్దించి చూసి భద్రతకు ఇచ్చే స్టార్ల సంగతి. అందరూ "ఫైవ్ స్టార్" అంటారు. ఎవరికి ఐదు అని అడగండి. పెద్దలకు వేరు, పిల్లలకు వేరుగా స్టార్లు ఇస్తారు. 2018 డిసెంబర్‌లో గ్లోబల్ ఎన్‌క్యాప్ అనే సంస్థ పరీక్షలో టాటా నెక్సాన్‌కు ఐదు స్టార్లొచ్చాయని దేశమంతా చెప్పుకుంది. మన దేశంలో తయారై ఇక్కడే అమ్మే కారుకు ఆ పరీక్షలో అదే మొదటిసారి. కానీ అప్పుడు పిల్లల భద్రతకు వచ్చినవి మూడే. 2024 ఫిబ్రవరిలో కొత్త నెక్సాన్‌కు రెండింట్లోనూ ఐదు వచ్చాయి. మేం అదే తీసుకున్నాం. 2023 అక్టోబర్ నుంచి మనకు సొంతంగా భారత్ ఎన్‌క్యాప్ అనే పరీక్ష ఉంది, అందులోనూ పిల్లల స్కోరు విడిగా ఉంటుంది. మీరు ఏ కంపెనీ బండి అయినా తీసుకోండి, ఆ రెండో అంకె చూడకుండా అడ్వాన్స్ కట్టకండి.

కుక్క ఉన్న ఇంటికి డిక్కీ విడిగా ఉండే సెడాన్ పనికిరాదు, ఇందులో నాకు అనుమానమే లేదు. వెనక తలుపు పైకి తెరుచుకునే బండి కావాలి. పైనున్న ట్రే తీసేస్తే వెనక జాగా మొత్తం కుక్కదే. గాలి ఆడుతుంది, పిల్లల మీదికి రాదు. మేం జిమ్మీకి ఛాతీకి తొడిగే పట్టీ కుట్టించి, లగేజీ కట్టుకునే కొక్కేనికి పొట్టి తాడుతో కట్టేస్తాం. మెడ బెల్టుకు మాత్రం కట్టకండి, బ్రేకు పడితే గొంతు నొక్కుకుంటుంది. బయల్దేరే ముందు మూడు గంటలు తిండి పెట్టకండి. లేకపోతే మన్ననూర్ చెక్‌పోస్టు దాటి శ్రీశైలం దారిలో మలుపులు మొదలవగానే కక్కేస్తుంది. ఏడుగురు ఎక్కాలంటే మారుతి ఎర్టిగా లాంటిది చూస్తారేమో. మూడో వరస సగం మడిచి అక్కడ కుక్కను పెట్టుకోవచ్చు, కానీ ఆ వరస వాడుకుంటే మిగిలే డిక్కీ 209 లీటర్లే, రెండు బ్యాగులకే నిండిపోతుంది. అడ్డంగా ఎదురెదురుగా కూర్చునే సీట్లున్న పాత బండ్లలో మాత్రం పిల్లల్ని వెనక కూర్చోబెట్టకండి, ఎంత సరదాపడినా సరే.

ఇక పొగమంచు. మనది కశ్మీరు కాదు, ఫోర్ వీల్ డ్రైవ్ మీద లక్షలు పోయక్కర్లేదు. మనకు కావాల్సింది కనపడటం. ముందు ఫాగ్ ల్యాంపులు, వెనక అద్దానికి వైపరు, ఆ అద్దాన్ని వేడిచేసి మంచు పోగొట్టే డీఫాగర్. ఈ మూడూ తక్కువ వేరియంట్లలో చాలావాటికి ఉండవు. సన్‌రూఫ్‌కు పెట్టే డబ్బు వీటికి పెట్టండి. మంచులో హైబీమ్ వేస్తే నీటి తుంపరల మీద పడి మన కళ్లలోకే తిరిగొస్తుంది. డిమ్ మీదే వెళ్లాలి. నాలుగు ఇండికేటర్లూ కొట్టుకుంటూ నడపకండి, వెనకవాడికి మీరు ఆగారో పోతున్నారో తెలియదు. లోపలి అద్దం కమ్మితే తువ్వాల వద్దు. ఏసీ వెయ్యండి, గాలిని ముందు అద్దం వైపు తిప్పండి, బయటి గాలి లోపలికొచ్చే బటన్ పెట్టండి. చలిలో ఏసీ ఏంటని అత్తమ్మ కూడా అంది. ఏసీ గాలిలో తేమను లాగేస్తుంది. చలేస్తే నాబ్‌ను వేడి వైపు తిప్పితే వెచ్చని పొడిగాలి వస్తుంది. రెండు నిమిషాల్లో అద్దం తేటపడుతుంది. ఆ రోజు మా పాత బండిలో కూడా ఆ బటన్లన్నీ ఉన్నాయి. ఏది ఎందుకో మాకెవరూ చెప్పలేదు, మేం అడగలేదు.

టైర్ల గాలి కూడా చలికాలంలో ఒకసారి ఎక్కువ చూసుకోండి. వాతావరణం పది డిగ్రీలు చల్లబడితే టైర్లో గాలి ఒత్తిడి దాదాపు రెండు పీఎస్ఐ (గాలి కొట్టే చోట మీటరు చూపే అంకె) తగ్గుతుంది.

పెట్రోలా డీజిలా అన్నారు. నెలకు పదిహేను వందల కిలోమీటర్లు దాటకపోతే పెట్రోల్ తీసుకోండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి నాలుగు మీటర్ల లోపు చిన్న ఇంజిన్ కార్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది, పైనున్న సెస్సు కూడా పోయింది. అలా మిగిలిన దాంట్లో పాప సీటుకూ, బాబు బూస్టర్‌కూ ముందు తీసి పక్కన పెట్టండి. మా సీటుకు పన్నెండు వేలైంది.

షోరూముకు వెళ్లే రోజు పిల్లలిద్దరినీ, కుక్కనూ వెంట తీసుకెళ్లండి. కుక్కను లోపలికి రానివ్వకపోతే కారునే బయటికి తెమ్మనండి. అందరూ ఎక్కి, అన్ని బెల్టులూ పెట్టుకుని, ఒక పది నిమిషాలు అలా కూర్చోండి.