ఐసు గదికి ఫోమ్ కొట్టించే ముందు

చి. శీనయ్యకు పెదనాన్న ఆశీస్సులు.

రొయ్యల గుంటల పక్కన రేకుల షెడ్డులోనే ఐసు గది కట్టి, వేడి లోపలికి రాకుండా గోడలకి స్ప్రే ఫోమ్ కొట్టిస్తావని మీ నాన్న చెప్పాడు. మంచి ఆలోచనే. విడవలూరు ఎండలకి రేకు కింద ఐసు ఎంతసేపని నిలుస్తుంది? మా రోజుల్లో ఐసు ఫ్యాక్టరీ గోడల మధ్య వరి ఊక కూరేవాళ్లం. చెమ్మ తగిలితే అది కిందికి దిగబడి పైన ఖాళీ పడేది. తర్వాతొచ్చిన థర్మాకోల్ పలకలకి అతుకుల బాధ. ఫోమ్‌కి అసలు అతుకే ఉండదు.

దీని పుట్టిల్లు జర్మనీ. 1937లో ఒట్టో బేయర్ అనే రసాయన శాస్త్రవేత్త, ఆయన తోటివాళ్లు ఈ ఫోమ్‌కి మూలమైన పాలీయురేథేన్ అనే ప్లాస్టిక్‌ని తయారుచేశారు. రెండో ప్రపంచ యుద్ధంలో విమానాలకి వాడారు. గోడలకీ కప్పులకీ కొట్టడం ఆ తర్వాతి మాట. ఇప్పుడు కోల్డ్ స్టోరేజీలకీ, కోళ్ల షెడ్లకీ కూడా కొడుతున్నారు.

గట్టిగా చెప్పాల్సింది ఒకటుంది. థర్మాకోల్ ఫ్యాక్టరీలో తయారై వస్తుంది, ఇది నీ గోడ మీదే తయారవుతుంది. ఒక డ్రమ్ములో ఐసోసయనేట్ అనే రసాయనం, ఇంకోదాంట్లో పాలియాల్ అనే రసాయనం. రెండూ వేడి పైపుల్లో వచ్చి చిమ్మే గన్‌లో కలిసి, గోడ మీద పడీ పడగానే పొంగి గట్టిపడతాయి. అందుకే సరుకు పేరుకన్నా గన్ పట్టే మనిషిని చూసుకో. ముందు అట్టముక్క మీద కొట్టించి, చల్లారాక కత్తితో కోసి చూడు. లోపలి గుల్ల సన్నగా, ఒకే తీరుగా ఉండాలి. జిగటగా ఉన్నా, నలిపితే పొడి రాలినా పాళ్లు కుదర్లేదన్నమాట. పని ఆపించెయ్.

లోపలి గుల్లలన్నీ మూసుకుని ఉండే క్లోజ్డ్ సెల్ రకమే అడుగు. గుల్లలు తెరుచుకుని ఉండే ఓపెన్ సెల్ చవకే గానీ చెమ్మని ఆపదు.

మన సముద్రపొడ్డు ఊళ్లలో తెల్లారేసరికి రేకు తడిసి ఉంటుంది. ఐసోసయనేట్‌కి నీళ్లు తగిలితే గ్యాసు పుట్టి, ఫోమ్ సరిగా అంటుకోక ఊడొస్తుంది. పొద్దెక్కి రేకు పొడిబారాకే మొదలుపెట్టించు. ఉప్పుగాలికి పట్టిన తుప్పు గీకించి, ప్రైమరు వేయించు. నాలుగంగుళాల మందం ఒకేసారి కొట్టేస్తామంటే ఒప్పుకోవద్దు. లోపల వేడి చేరి మాడుతుంది, నిప్పు కూడా పుట్టొచ్చు. పొర చల్లారాకే పొర.

కొట్టేవాడికి బయటి గాలి అందించే మాస్కు ఉండాలి, మూతికి తువ్వాలు కడితే చాలదు. ఆ ఆవిరికి ఆస్తమా వస్తుంది. ఆ రోజు పిల్లల్ని అటు రానివ్వకు. ఫోమ్‌ని బోడిగా వదలకు, నిప్పుకి తేలిగ్గా అంటుకుంటుంది. లోపల రేకుతో కప్పించు. ఎండ పడేచోట పూత వేయించు, లేకపోతే పైపైన పొడిపొడిగా రాలిపోతుంది.

మనిషి కుదిరాక ఫోన్ చెయ్యి, కొట్టే రోజుకి నేనూ వస్తాను.

మీ పెదనాన్న