చిన్న ఎస్‌యూవీ కొనేముందు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: వెతికి వెతికి రెండు కాంపాక్ట్ ఎస్‌యూవీల దగ్గర ఆగాం. ఒకదానిలో 1.0 లీటర్ మూడు సిలిండర్ల టర్బో పెట్రోల్, డ్యూయల్ క్లచ్ ఆటోమేటిక్. రెండోదానిలో 1.5 లీటర్ నాలుగు సిలిండర్ల మామూలు పెట్రోల్, టార్క్ కన్వర్టర్ ఆటోమేటిక్. ధరలో పెద్ద తేడా లేదు. రోజూ రెండు గంటలు ట్రాఫిక్‌లోనే గడుస్తుంది. నెలకోసారి అయిదుగురం కొండ దారిలో వెళ్తాం. ఏది తీసుకోమంటారు?

జవాబు: టర్బో అంటే ఇంజిన్‌లోకి గాలిని ఒత్తి ఎక్కువగా నెట్టే పరికరం. డ్యూయల్ క్లచ్, టార్క్ కన్వర్టర్ రెండూ గేర్లు వాటంతట అవే మారే ఆటోమేటిక్ రకాలు. కొండకి టర్బో నయం, ట్రాఫిక్‌కి టార్క్ కన్వర్టర్ నయం. మీ చిక్కంతా అక్కడే ఉంది.

ముందు కొండ సంగతి. బ్రోషర్‌లో గరిష్ఠ టార్క్ (ఇంజిన్ తిప్పే బలం) పక్కనే అది ఎన్ని ఆర్‌పీఎం (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) దగ్గర వస్తుందో కూడా వేస్తారు. అసలు చూడాల్సింది ఆ రెండో అంకె. టర్బోకి 170 న్యూటన్ మీటర్లు 1,800 నుంచి 4,000 ఆర్‌పీఎం దాకా అని, మామూలు ఇంజిన్‌కి 144 న్యూటన్ మీటర్లు 4,400 దగ్గర అని ఉందనుకుందాం. టార్క్‌ని ఆర్‌పీఎంతో గుణించి 9,549తో భాగిస్తే ఆ వేగంలో ఇంజిన్ ఇచ్చే శక్తి కిలోవాట్లలో తేలుతుంది. 1,800 దగ్గర టర్బో 32 కిలోవాట్లు ఇస్తుంది. రెండోది అక్కడ 120 న్యూటన్ మీటర్లు ఇచ్చిందనుకున్నా 23 కిలోవాట్లకి మించదు. మిగతాది రాబట్టాలంటే గేరు దిగి ఇంజిన్ గోల పెట్టాల్సిందే. పైకి వెళ్లేకొద్దీ గాలి పలచబడుతుంది కాబట్టి, మామూలు ఇంజిన్ ప్రతి వెయ్యి మీటర్ల ఎత్తుకీ సుమారు పదో వంతు బలం పోగొట్టుకుంటుంది. టర్బో ఆ లోటుని చాలావరకు పూడ్చుకుంటుంది.

ఇక ట్రాఫిక్. షోరూమ్‌లో అడగాల్సిన మాట ఒకటే: ఈ డ్యూయల్ క్లచ్ డ్రైనా, వెట్టా? డ్రై రకంలో క్లచ్ ప్లేట్లు చల్లబడడానికి గాలి తప్ప మరో ఆధారం లేదు. అడుగు కదలడం, ఆగడం, మళ్లీ కదలడం జరిగే ప్రతిసారీ ప్లేట్లు కొంచెం జారుతూ పట్టుకుంటాయి. ఆ రాపిడితో వేడెక్కుతాయి. ఎత్తులో బ్రేకు మీద కాక యాక్సిలరేటర్ మీద బండిని నిలబెట్టే అలవాటున్నవాళ్లకి ఇది మరీ త్వరగా జరుగుతుంది. ముందు కుదుపు మొదలవుతుంది, తర్వాత డ్యాష్‌బోర్డు మీద హెచ్చరిక వస్తుంది. వెట్ రకంలో ప్లేట్లు ఆయిల్‌లో మునిగి ఉంటాయి, అందుకని ఈ వేడిని బాగా తట్టుకుంటాయి. టార్క్ కన్వర్టర్‌లో బండిని కదిలించేటప్పుడు ఈ పని ద్రవం చేస్తుంది. జారి అరిగే ప్లేట్లతో పనిలేదు కనుక నత్తనడక దానికి లెక్కే కాదు.

ఏడాదికి 300 రోజులు వేసుకున్నా ట్రాఫిక్‌లో 600 గంటలు. కొండకి పన్నెండుసార్లు. అందుకని క్లచ్ డ్రై అయితే 1.5 తీసుకోండి, కొండ మీద కాస్త మోత భరించండి. వెట్ అయితే టర్బో తీసుకోండి. అప్పుడు మాత్రం ఆయిల్ మార్పు గడువు దాటనివ్వకండి. టర్బో షాఫ్ట్ తిరిగేది పలచటి ఆయిల్ పొర మీదే, ఆయిల్ పాడైతే మొదటి దెబ్బ దానికే తగులుతుంది.

ప్రశ్న: ఒక బండి గ్రౌండ్ క్లియరెన్స్ (నేలకీ బండి అడుగుకీ మధ్య ఎత్తు) 190 మిల్లీమీటర్లు, ఇంకోదానిది 200. మా వీధిలో స్పీడ్ బ్రేకర్లు నిటారుగా ఉంటాయి. రెండోదే మేలు కదా?

జవాబు: తొందరపడకండి. మొదటిదాని వీల్‌బేస్ (ముందు చక్రం, వెనక చక్రం మధ్య దూరం) 2,500 మిల్లీమీటర్లు, రెండోదానిది 2,650 అయితే ఆ పది మిల్లీమీటర్ల లాభం గాలికి పోయినట్టే. ఆ దూరం పెరిగేకొద్దీ, స్పీడ్ బ్రేకర్ దాటేటప్పుడు బండి నడుము దానికి దగ్గరవుతుంది. పొట్ట తగలకుండా దాటగల కోణం లెక్కగడితే మొదటిదానికి సుమారు 17.3 డిగ్రీలు, రెండోదానికి 17.2. అంటే రెండూ ఒకటే.

ఆ అంకె ఖాళీ బండిదా, నిండు బండిదా అన్నది ఇంకో సంగతి. కొందరు ఖాళీగా ఉన్నప్పటి కొలత వేస్తారు, కొందరు మనుషులు, సామాను ఎక్కాక కొలిచింది వేస్తారు. రెండింటినీ పక్కపక్కన పెట్టి పోల్చడం కుదరదు. అయిదుగురు ఎక్కి కూర్చోండి, మీకు తెలిసిన స్పీడ్ బ్రేకర్ మీదికి నెమ్మదిగా ఎక్కించండి. కిందనుంచి గీరిన చప్పుడు వస్తే బ్రోషర్‌తో పనేముంది?

ప్రశ్న: మధ్య వేరియంట్‌కి 215/60 ఆర్16 టైర్లు, టాప్ వేరియంట్‌కి 215/50 ఆర్18. పెద్ద చక్రాలు చూడ్డానికి బాగున్నాయి. నష్టమేమైనా ఉందా?

జవాబు: ఉంది. రెండో అంకె టైరు గోడ ఎత్తు, వెడల్పులో ఎంత శాతమో చెబుతుంది. 215లో 60 శాతం అంటే 129 మిల్లీమీటర్లు, 50 శాతం అంటే 107.5. రెండు టైర్ల మొత్తం ఎత్తు 664, 672 మిల్లీమీటర్లు. దాదాపు సమానం. పెరిగిందల్లా రిమ్ము, తగ్గింది రబ్బరు గోడ. గుంతలో పడినప్పుడు దెబ్బని ముందు మింగేది ఆ గోడే. అది తగ్గితే కుదుపు లోపలికి వస్తుంది, రిమ్ము వంగడానికీ టైరు పక్కన బొడిపె లేవడానికీ అవకాశం పెరుగుతుంది. మలుపుల్లో బండి కాస్త గట్టిగా నిలబడుతుంది, ఆ మాట ఒప్పుకోవాలి. గతుకుల రోడ్డయితే మా ఓటు 16 అంగుళాలకే. స్టెప్నీ ఏ సైజుదో కూడా అడగండి. నాలుగు చక్రాలూ 18 ఉండి స్టెప్నీ చిన్నదైతే, దాని మీద రాసిన వేగ పరిమితి దాటకుండా పంక్చర్ షాపు దాకా వెళ్లాలి.

ప్రశ్న: క్రాష్ టెస్టులో రెండింటికీ అయిదు నక్షత్రాలే. భద్రతలో రెండూ సమానమేనా?

జవాబు: ఏ సంస్థ, ఏ సంవత్సరం పరీక్షించిందో చూడకుండా చెప్పలేం. బండ్లని గుద్దించి పరీక్షించే సంస్థ గ్లోబల్ ఎన్‌క్యాప్ 2022 జులైలో నియమాలు బిగించింది. పక్కనుంచి స్తంభానికి గుద్దే పరీక్ష, పాదచారుల రక్షణ, బండి అదుపు తప్పకుండా కాచే ఎలక్ట్రానిక్ స్టెబిలిటీ కంట్రోల్ అప్పటినుంచే లెక్కలోకి వచ్చాయి. అంతకు ముందటి అయిదుకీ తర్వాతి అయిదుకీ పొంతన లేదు. బండి ముందు భాగంతో ఢీకొనే పరీక్ష ఫలితాన్ని దాదాపు ఒకే బరువున్న బండ్ల మధ్యే పోల్చాలి. అన్నిటికంటే ముఖ్యం, మీరు కొనే వేరియంట్‌లో కర్టెన్ ఎయిర్‌బ్యాగులు (పక్క కిటికీల వెంట తెరుచుకునేవి) ఉన్నాయా, వెనక మధ్య సీటుకి మూడు పాయింట్ల బెల్టు, హెడ్‌రెస్ట్ ఉన్నాయా అని చూడడం. లేకపోతే ఆ అయిదో మనిషి సంగతేంటి?

ప్రశ్న: టెస్ట్ డ్రైవ్‌కి పావుగంట ఇస్తున్నారు. అందులో ఏం తెలుస్తుంది?

జవాబు: పావుగంట చాలదు, ముప్పావుగంట అడగండి. రెండు బండ్లనీ ఒకే రోజు, ఒకే దారిలో, అదే మనుషులతో నడపండి. మీరు కొనే వేరియంటే ఇవ్వమనండి. సన్‌రూఫ్ ఉన్న టాప్ మోడల్‌లో తలపై చోటు తగ్గుతుంది, లేనిదానిలో అలా ఉండదు. బయల్దేరేముందు టైర్ల గాలి డోరు పక్కన స్టిక్కర్ మీదున్న లెక్కకి సరిచేయించండి. ఎక్కువ గాలితో ఉన్న బండి గతుకుల్లో గట్టిగా అనిపిస్తుంది, తప్పు సస్పెన్షన్‌ది అనుకుంటారు.

ఏసీ పూర్తిగా పెట్టి, నిలబడి ఉన్నప్పుడు స్టీరింగ్‌లో వణుకు చూడండి. మూడు సిలిండర్ల బండిలో ఇది బయటపడే చోటు ఇదే. ఇరవై నిమిషాలు రద్దీలో నడిపాక ఎత్తులో ఆపి, మెల్లగా కదలండి, తర్వాత ఎత్తులోకే రివర్స్ వేయండి. క్లచ్ కుదుపు చల్లగా ఉన్నప్పుడు దాక్కుంటుంది, వేడెక్కాక బయటికొస్తుంది. గంటకి 60 దగ్గర యాక్సిలరేటర్ ఒక్కసారిగా నొక్కి, గేరు దిగడానికి ఎంతసేపు తీసుకుంటుందో గమనించండి. ఓవర్‌టేక్‌లో మీకు కావాల్సింది అదే. చివర్లో అయిదు నిమిషాలు వెనక సీట్లో కూర్చోండి. డిక్కీకి లీటర్ల అంకె నమ్మొద్దు, పైకప్పు దాకా కొలిచిందో సీటు ఎత్తు దాకానో అందులో తెలియదు. ఇంట్లో ఉన్న సూట్‌కేసులు పట్టుకెళ్లి పెట్టి చూడండి.

ప్రశ్న: బండి ఎంచుకున్నాం. డెలివరీ రోజు ఒక్కటి చూడమంటే ఏది?

జవాబు: టైరు పక్కన డాట్ కోడ్ చివరి నాలుగు అంకెలు. 3124 అంటే ఆ టైరు 2024లో 31వ వారం తయారైంది. అయిదో టైరు కూడా చూడండి, పాతది పెట్టడానికి అందరికీ గుర్తొచ్చేది స్టెప్నీయే.