మంచు తుఫానుకి పోయిన దూడలకి డబ్బులు వస్తాయా - సమాధానం

దూడల్ని పూడ్చేశాం, ఫొటోలు తీయలేదు, ఇక సబ్సిడీ రాదేమో అంటున్నారు కదా, అలా వదిలేయకండి బ్రదర్. అమెరికాలో దీనికోసమే లైవ్‌స్టాక్ ఇండెమ్నిటీ ప్రోగ్రామ్ (పశువులు పోతే నష్టపరిహారం ఇచ్చే ప్రభుత్వ పథకం) ఉంది, మీ కౌంటీలోని ఫార్మ్ సర్వీస్ ఏజెన్సీ (అక్కడి వ్యవసాయ శాఖ విభాగం) ఆఫీసులో అప్లై చేయాలి. మామూలుగా ఏటా చనిపోయేవాటి లెక్క తీసేసి, అంతకంటే ఎక్కువ పోయినవాటికి సగటు మార్కెట్ ధరలో 75 శాతం ఇస్తారు.

అసలు చిక్కంతా ప్రూఫ్ దగ్గరే. తుఫానుకి ముందు మంద ఎంత ఉందో చూపించే కాగితాలు, అంటే వెటర్నరీ బిల్లులు, బ్యాంకు లోన్‌కి ఇచ్చిన లెక్కలు, ఏవుంటే అవి వెతకండి, చావులకి వేరే ఆధారం లేకపోతే కళ్లారా చూసిన బయటి మనిషి సంతకం చేసిన స్టేట్‌మెంట్‌ని ఆఫీసువాళ్లు అడగొచ్చు, ఇంట్లోవాళ్లు, మీ దగ్గర పనిచేసేవాళ్లు మాత్రం పనికిరారు (పక్క రాంచ్, అంటే పక్క పశువుల ఫామ్ ఆయన ఉన్నాడుగా!). గడువు ఎప్పటిదాకానో ఫోన్ చేసి ఇవాళే కనుక్కోండి.