సారాంశం రాస్తుంటే మూలంలోని వాక్యాలే మళ్లీ వస్తున్నాయా?

ఎంత ప్రయత్నించినా మూలంలోని వాక్యాలే ముక్కలుగా వచ్చేస్తున్నాయనీ, పొడవు కూడా తగ్గట్లేదనీ అడిగారు. మూలాన్ని ఎదురుగా పెట్టుకుని రాస్తున్నంతకాలం అంతే. కన్ను వాక్యం మీదుంటే చెయ్యి దాన్నే ఎత్తి రాస్తుంది.

మొదటిసారి పెన్ను ముట్టుకోకుండా చివరిదాకా చదవండి. రెండోసారి ప్రతి పేరా పక్కన ఒకటి రెండు మాటల్లో అది చేస్తున్న పని రాసుకోండి: కారణం, ఉదాహరణ, ఎదుటివాళ్ల అభ్యంతరం, ముగింపు. ‘ఉదాహరణ’ అని రాసుకున్న పేరాలు దాదాపు అన్నీ తర్వాత ఎగిరిపోతాయి. ఇప్పుడు పుస్తకం మూసేసి, రచయిత ఏమంటున్నారో ఒక వాక్యం, ఎందుకంటున్నారో ఒక వాక్యం సొంత మాటల్లో రాయండి. రాయలేకపోతే లోపం చదవడంలో ఉంది, మళ్లీ చదవాల్సిందే. ఆ రెండు వాక్యాలు కుదిరాకే మూలం తెరిచి, తప్పనిసరి వివరాలు చేర్చండి.

ఏది తప్పనిసరి అనే దగ్గరే చాలామంది తడబడతారు. ఈ చిన్న పేరా చూడండి:

“సముద్ర మట్టం దగ్గర నీరు 100 డిగ్రీల సెల్సియస్ వద్ద మరుగుతుంది. ఎత్తుకు వెళ్లేకొద్దీ గాలి ఒత్తిడి తగ్గుతుంది కాబట్టి 3000 మీటర్ల ఎత్తున సుమారు 90 డిగ్రీలకే మరిగిపోతుంది. ఎంత మంట పెట్టినా తెరిచిన గిన్నెలో నీటి వేడి అంతకు మించదు. అందుకే అక్కడ గింజలు ఉడకడానికి ఎక్కువసేపు పడుతుంది. ప్రెషర్ కుక్కర్ లోపలి ఒత్తిడి పెంచి ఈ ఇబ్బంది తీరుస్తుంది.”

“ఎత్తైన చోట నీరు 90 డిగ్రీలకు మరుగుతుంది, గింజలు ఆలస్యంగా ఉడుకుతాయి” అని రాస్తే పొట్టిగానే ఉంటుంది గానీ తప్పు. 90 అనేది ఒక్క ఎత్తుకు చెప్పిన అంకె, దాన్ని అన్ని ఎత్తులకూ అంటగట్టాం. పైగా ఒత్తిడి అన్న కారణం పోయింది, దాంతో కుక్కర్ ఎందుకు పనికొస్తుందో తెలియదు. దాని బదులు ఇలా రాయొచ్చు: “ఎత్తుకు వెళ్లేకొద్దీ గాలి ఒత్తిడి తగ్గి నీరు తక్కువ వేడికే మరుగుతుంది, అందుకే వంట ఆలస్యమవుతుంది, ప్రెషర్ కుక్కర్ ఒత్తిడి పెంచి ఆ లోటు తీరుస్తుంది.” ఇందులో ఒక్క అంకె కూడా లేదు, కానీ కారణం నుంచి ఫలితం దాకా గొలుసు తెగలేదు. అంకెలు వదిలేయొచ్చు, ‘కాబట్టి’, ‘అందుకే’లను మాత్రం వదలకూడదు.

‘కొన్ని’, ‘సాధారణంగా’, ‘అవకాశం ఉంది’ లాంటివి చిన్న మాటలే కదా అని కొట్టేయకండి. “కొందరిలో నిద్ర తగ్గవచ్చు” అన్నది “నిద్ర తగ్గుతుంది” అయితే రచయిత అనని మాట ఆయన నోట పెట్టినట్టే. నా దృష్టిలో సారాంశంలో ఇంతకు మించిన తప్పు లేదు. ‘చెప్పారు’, ‘వాదించారు’, ‘నిరూపించారు’ కూడా ఒకదాని బదులు ఒకటి వాడేవి కావు.

పొడవు తగ్గించడానికి ముందు తీయాల్సింది ఊకదంపుడు. “పరిశీలన చేయడం జరిగింది” అంటే “పరిశీలించారు”, అంతే. “అనే విషయాన్ని మనం గమనించవచ్చు” అన్నది మొత్తం తీసేసినా ఏమీ పోదు. అలాగని నాలుగు వాక్యాలను ‘చేసి, చూసి, వెళ్లి’ అంటూ ఒకే వాక్యంలో గుచ్చకండి. మాటలు తగ్గుతాయి గానీ చదివేవాళ్లకు ఊపిరాడదు.

పొడవు ఇంత అని చెప్పకపోతే మూడో వంతు పెట్టుకోండి. మీ అభిప్రాయం వద్దు. రచయిత పేరు, రచన పేరు మొదటి వాక్యంలో ఒకసారి చాలు.

సాధనకు 300 మాటల వ్యాసం ఒకటి తీసుకుని 100 మాటలకు, తర్వాత 30కి కుదించండి. 30కి దించేటప్పుడు మళ్లీ మూలం నుంచే మొదలుపెట్టండి. 100 మాటల దాన్నే కత్తిరిస్తే అందులో దొర్లిన పొరపాటు 30లోకీ దిగుతుంది. చివర్లో మీ ప్రతి వాక్యానికీ మూలంలో ఆధారం ఎక్కడుందో వేలు పెట్టి చూపించండి, చూపించలేని వాక్యం కొట్టేయండి.