కాలు నొప్పి దాచుకోకు చిట్టితల్లీ

చిట్టితల్లికి తాతయ్య ఆశీస్సులు.

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. నీ కుడి కాలు బెణికి పది రోజులైందట. చీలమండ వాచి ఉన్నా, సాక్సు కింద క్రేప్ బ్యాండేజీ చుట్టుకుని పొద్దున్నే చక్రాల స్కేటింగ్‌కు ఇందిరా పార్క్ రింక్‌కు వెళ్లిపోతున్నావట. వద్దంటే, "హన్యూ తలకు కట్టు కట్టుకుని దిగాడు, నేను ఈ మాత్రానికే ఆగాలా" అన్నావట. ఫోన్‌లో చెబితే "సరే తాతయ్యా" అని పెట్టేస్తావు. అందుకే నల్లకుంట నుంచి ఉత్తరం రాస్తున్నా. పాతికేళ్లు పిల్లలకు స్కేటింగ్ నేర్పినవాణ్ణి, కాబట్టి ఇది తాతయ్య మాటే కాదు, కోచ్ మాట కూడా.

జపాన్ మంచు స్కేటర్ యుజురు హన్యూ అంటే నీకెంత ఇష్టమో నాకూ అంతే ఇష్టం. అతని పోటీలు నేనూ ఒక్కటి వదలకుండా చూశాను. కానీ నువ్వు పట్టుకున్న ఉదాహరణ తప్పు.

నువ్వు చెబుతున్నది 2014 నవంబర్‌లో షాంఘైలో జరిగిన కప్ ఆఫ్ చైనా గురించి. ఫ్రీ స్కేట్, అంటే రెండో రోజు చేసే పెద్ద ప్రోగ్రామ్ ముందు, వార్మప్‌లో హన్యూ, చైనా స్కేటర్ హాన్ యాన్ మంచి వేగంలో ఉండగా ఎదురెదురుగా ఢీకొన్నారు. హన్యూ చాలాసేపు మంచు మీదే పడి ఉన్నాడు. లేచేసరికి గడ్డం దగ్గర రక్తం. కాసేపటికి తలకు కట్టుతో మళ్లీ వచ్చి, మొత్తం ప్రోగ్రామ్ చేశాడు. ఐదుసార్లు పడ్డాడు, రెండో స్థానం వచ్చింది. అది చూసి చాలామంది కళ్లనీళ్లు పెట్టుకున్నారు. నాకు మాత్రం భయం వేసింది. ఆ రోజు అతణ్ణి ఎవరైనా చెయ్యి పట్టుకుని ఆపాల్సింది. అప్పటికి అతనికి పంతొమ్మిదేళ్లు. ఆ వయసులో పిల్లాడు ఆగనంటాడు, పెద్దవాళ్లే ఆపాలి.

ఇంత గట్టిగా ఎందుకంటున్నానంటే, నేనూ ఒకసారి ఆపలేకపోయాను. చాలా ఏళ్ల కిందట ఒక రాష్ట్రస్థాయి పోటీలో, వార్మప్‌లో నా శిష్యుడొకడు వెనక్కి పడి తల గచ్చుకు కొట్టుకున్నాడు. లేచి నవ్వాడు, "బానే ఉన్నా సార్" అన్నాడు. మెడల్ వచ్చే పిల్లాడు కదా అని నేనూ ఊరుకున్నాను. ప్రోగ్రామ్ పూర్తి చేశాడు, మెడల్ కూడా తెచ్చాడు. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో రెండుసార్లు వాంతి చేసుకున్నాడు. ఆ రాత్రంతా ఆసుపత్రి వరండాలో వాళ్ల నాన్న పక్కన కూర్చున్నాను. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. పిల్లాడికి నయమైంది కానీ మళ్లీ రింక్‌కు రాలేదు. ఈ సంగతి మీ అమ్మమ్మకు తప్ప ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు నీకు చెబుతున్నాను.

నువ్వు చూడాల్సిన హన్యూ షాంఘైలో లేడు, మూడేళ్ల తర్వాత ఒసాకాలో ఉన్నాడు. 2017 నవంబర్, ఎన్‌హెచ్‌కే ట్రోఫీ. ప్రాక్టీస్‌లో గాలిలో నాలుగు చుట్లు తిరిగే లుట్జ్ జంప్ వేస్తూ పడ్డాడు. దెబ్బ తగిలింది నీలాగే కుడి చీలమండకు, అంటే జంప్ దిగే కాలికి. ఒలింపిక్స్‌కు మూడు నెలలే ఉంది. ఈసారి కట్టు కట్టుకుని దిగలేదు. ఆ పోటీ నుంచి తప్పుకున్నాడు. డిసెంబర్‌లో జపాన్ నేషనల్స్‌కు కూడా వెళ్లలేదు. ఒలింపిక్ జట్టును ఖరారు చేసే పోటీ అదే తల్లీ! పాత రికార్డు చూసి అతణ్ణి జట్టులోకి తీసుకున్నారు. దెబ్బ తగిలాక అతను దిగిన మొదటి పోటీ, ఏకంగా 2018 ఫిబ్రవరిలో ప్యాంగ్‌చాంగ్ ఒలింపిక్సే.

అక్కడ ఏం చేశాడో కోచ్ కంటితో చూడు. ఫ్రీ స్కేట్‌లో నాలుగు చుట్ల లుట్జ్ వేయలేదు, నాలుగు చుట్ల లూప్ జంప్ కూడా వేయలేదు. ఆ లూప్‌ను పోటీలో మొట్టమొదట దిగింది అతనే, 2016లో. అయినా పక్కన పెట్టేశాడు. కాలు ఓర్చుకునే సాల్‌కౌ, టో లూప్ జంప్‌లతోనే ప్రోగ్రామ్ అల్లుకున్నాడు. అదే రోజు అమెరికా కుర్రాడు నేథన్ చెన్ ఆరు క్వాడ్‌లు, అంటే నాలుగు చుట్ల జంప్‌లు, ప్రయత్నించి ఫ్రీ స్కేట్‌లో అందరికంటే ఎక్కువ మార్కులు తెచ్చుకున్నాడు. కానీ మొదటి రోజు చేసే షార్ట్ ప్రోగ్రామ్‌లో అతను బాగా వెనకబడిపోయాడు. హన్యూ రెండు రోజులూ కలిపి 317.85తో గెలిచాడు. 1948లో, 1952లో అమెరికా స్కేటర్ డిక్ బటన్ గెలిచిన తర్వాత, మగవాళ్ల సింగిల్స్ ఫిగర్ స్కేటింగ్‌లో వరసగా రెండు ఒలింపిక్ స్వర్ణాలు గెలిచింది మళ్లీ ఇతనే. నొప్పి మాత్రలు వాడాడు, ఆ మాట దాచను. అందుకే గెలిచాక మళ్లీ ఆగాడు. మార్చిలో మిలాన్‌లో జరిగిన ప్రపంచ ఛాంపియన్‌షిప్స్‌కు వెళ్లలేదు.

"అతనికి రికార్డు ఉంది కాబట్టి తీసుకున్నారు, నన్నెవరు తీసుకుంటారు" అంటావు. నిజమే. వచ్చే నెల సెలెక్షన్స్‌కు వెళ్లకపోతే నీకు ఈ ఏడాది పోయినట్టే. అది చిన్న విషయమని నేను అనను. నువ్వు ఆ యాక్సెల్ జంప్ కోసం ఆరు నెలలుగా ఎంత కష్టపడుతున్నావో నేను చూశాను. కానీ నీకు పదమూడేళ్లు. హన్యూ చిన్నప్పుడు స్కేటింగ్ చేసే సెండాయ్ రింక్, డబ్బుల్లేక 2004లో మూతపడింది. అప్పటికి అతను నీకంటే చిన్నవాడు. మళ్లీ తెరిచింది 2007లో. ఆ మధ్యకాలమంతా వేరే రింక్‌ల చుట్టూ తిరిగాడు. 2011 మార్చి 11న భూకంపం వచ్చినప్పుడు అదే రింక్‌లో ప్రాక్టీస్‌లో ఉన్నాడు, కాళ్లకు స్కేట్స్ ఉండగానే బయటికి పరిగెత్తాడు. రింక్ దెబ్బతింది. ఆ ఏడాది అరవై దాకా ఐస్ షోలలో ఆడుతూ, వాటినే ప్రాక్టీస్ చేసుకున్నాడు. మరుసటి ఏడాది నీస్‌లో ప్రపంచ కాంస్యం, 2014లో సోచీలో ఒలింపిక్ స్వర్ణం. ఒక్క సెలెక్షన్ పోతే స్కేటింగే పోదు తల్లీ.

ఇక నువ్వు చేయాల్సింది రాస్తున్నా. రేపే మీ అమ్మతో ఎముకల డాక్టర్ దగ్గరికి వెళ్లు. పది రోజులకీ వాపు తగ్గలేదంటే చూపించి తీరాలి. ఎక్స్‌రే అంటే తీయించుకో. రింక్‌లో అక్క చెప్పింది, అన్న చెప్పాడు అని వేడినూనె మర్దనలు చేయించుకోకు. కాలు దిండు మీద ఎత్తుగా పెట్టుకో. డాక్టర్ సరేనన్నాక ఫిజియో చెప్పిన వ్యాయామాలు ఒక్క పూట కూడా మానకు. అన్నిటికంటే విసుగొచ్చేది ఒంటికాలి మీద నిలబడటం. నా మాట విని అది మానకు. పళ్లు తోముకుంటూ కుడికాలి మీద నిలబడు. అది కుదిరాక గోడకు చెయ్యి అందేలా నిలబడి, కళ్లు మూసుకుని చెయ్యి. బెణికిన కాలు మొదట మర్చిపోయేది నిలకడే. నొప్పి పోయినా నిలకడ రాకపోతే మళ్లీ అదే చోట బెణుకుతుంది.

కుడికాలి మీద పదిసార్లు గెంతి చూసుకో. ఎడమకాలితో ఎంత తేలిగ్గా గెంతగలవో, కుడికాలితోనూ అంతే తేలిగ్గా వచ్చేదాకా చక్రాలు కట్టకు. కట్టాక కూడా మొదటి వారం జంప్స్ వద్దు. గచ్చు మీద గీసిన సర్కిల్స్ వెంట జారుతూ ఫిగర్స్ చెయ్యి, ఎడ్జ్‌లు, అంటే పాదం ఏ పక్కకు వాలుతోందో, సరిచూసుకో. తర్వాత వాల్ట్జ్ జంప్, తర్వాత సాల్‌కౌ, టో లూప్. యాక్సెల్ అన్నిటికంటే చివర. ఎగిరేది ముందుకు, దిగేది వెనక్కి కాబట్టి దానిలో అర చుట్టు ఎక్కువ. ఆ అర చుట్టు బరువు కూడా నీ కుడికాలే మొయ్యాలి. నాలుగున్నర చుట్ల యాక్సెల్ కోసం హన్యూ ఏళ్లకేళ్లు పెట్టాడు. 2022 బీజింగ్‌లో వేసి పడ్డాడు, నాలుగో స్థానం వచ్చింది. కొన్ని నెలలకు అమెరికా కుర్రాడు ఇలియా మలీనిన్ దాన్ని దిగి చూపించాడు.

మన హైదరాబాద్‌లో మంచు లేదని చిన్నబోకు. చక్రాల మీదే మన ఊరి అనూప్ కుమార్ యామ 2010లో గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో రెండు కాంస్యాలు తెచ్చాడు, 2015లో అర్జున అవార్డు అందుకున్నాడు.

పోయిన నెల మీ ఇంటికి వచ్చినప్పుడు నీ బూట్లు చూశాను. కుడి బూటులో చీలమండ దగ్గర తోలు మడతపడి మెత్తబడిపోయింది. వేలితో నొక్కితే లోపలికి పోతోంది. అప్పుడే చెప్పాల్సింది, అది నా తప్పు. లేసు ఎంత బిగించినా ఆ బూటు కాలిని పట్టి ఉంచదు. కొత్తవి నేను కొనిపెడతాను, మీ నాన్నను అడగొద్దు. తెల్లకాగితం మీద రెండు పాదాలూ ఆనించి నిలబడు. కూర్చుని కాదు, నిలబడి. మీ అమ్మను పెన్సిల్ నిటారుగా పట్టుకుని చుట్టూ గీయమను. సాయంత్రం పూట గీయాలి. కుడికాలి వాపు పూర్తిగా తగ్గాకే గీసి పంపు, లేకపోతే కొలత తప్పుతుంది.

మీ తాతయ్య